ఐఎన్‌ఆర్ స్ట్రిప్స్ రీకాల్ అయినప్పుడు: నా అనుభవం

గుండెలో మైట్రల్ కవాటం పాడైనందున కొన్నేళ్ల కిందట నాకు మెకానికల్ వాల్వ్ అమర్చారు. అది ఉన్నంతకాలం, అంటే నేను ఉన్నంతకాలం, రోజూ వార్ఫరిన్ వేసుకోవాలి. ఆ మందు రక్తాన్ని ఎంత పలచగా ఉంచుతోందో చెప్పే ఐఎన్‌ఆర్ అనే అంకె నా విషయంలో 2.5కు తగ్గకూడదు, 3.5 దాటకూడదు. తగ్గితే కవాటం మీద రక్తం గడ్డకట్టి పక్షవాతం రావచ్చు, మరీ పెరిగితే లోపల రక్తస్రావం కావచ్చు. వేలికొన నుంచి తీసిన ఒక్క చుక్కతో ఈ అంకెను ఇంట్లోనే చూపే మీటరును చాలాకాలంగా వాడుతున్నాను. ఈ ఏడాది మార్చిలో ఆ మీటరులో వాడే స్ట్రిప్స్‌లో కొన్ని లాట్‌లను, అంటే ఒకేసారి తయారైన బ్యాచ్‌లను, ఫలితాలు తప్పుగా వస్తున్నాయన్న కారణంతో, తయారీ సంస్థ వెనక్కి తీసుకుంది. నా పెట్టె ఆ లాట్‌లలో ఒకటి. అప్పటి నుంచి మే నెల దాకా జరిగింది జరిగినట్టు ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే ఇలాంటి నోటీసు చేతికొచ్చిన రోజున నాకు కావలసింది వేరొకరి అనుభవమే, అదే నాకు ఎక్కడా దొరకలేదు.

కొత్త పెట్టె తెరిచింది ఫిబ్రవరి 8న. అంతకుముందు నెలల తరబడి నా అంకె 2.7కూ 3.2కూ మధ్యనే నడిచింది. ఆ రోజు మీటరు 4.3 చూపింది. వారం తర్వాత 4.5. క్లినిక్‌కు ఫోన్ చేస్తే, కొత్తగా యాంటీబయాటిక్ ఏమైనా వాడానా, పారాసెటమాల్ వరుసగా వేసుకున్నానా, విరేచనాలయ్యాయా, భోజనం తగ్గిందా అని అడిగారు. ఏదీ లేదు. అయినా అంకె అంకే కాబట్టి వారపు మోతాదును పదో వంతు తగ్గించారు. ఫిబ్రవరి 22న 4.2, మార్చి 1న మళ్లీ 4.4. ఇంకోసారి తగ్గించారు. మార్చి 8న 4.0కు దిగినప్పుడు నాకు కాస్త స్థిమితం కలిగింది, మందు దారికి వస్తోందనుకున్నాను. ఆ రోజుల్లో ఒక విషయం మాత్రం మనసులో మెదులుతూనే ఉండేది. ఐఎన్‌ఆర్ నిజంగా నాలుగు దాటినప్పుడల్లా నాకు పళ్లు తోముకుంటుంటే చిగుళ్ల నుంచి రక్తం కనిపించేది, చేతుల మీద కారణం లేకుండా కమిలిన మచ్చలు పడేవి. ఈసారి ఒక్కటీ లేదు. క్లినిక్‌లో ఆ మాట చెప్పాను, అందరిలోనూ ఆ లక్షణాలు కనిపించవని జవాబు వచ్చింది. అది నిజమే, వైద్యపరంగా తప్పు మాటేమీ కాదు. అయితే ఆ దశలోనే నరం నుంచి ఒకసారి రక్తం తీసి ల్యాబ్‌లో సరిచూడమని వారు చెప్పి ఉంటే బాగుండేదని నేను ఇప్పటికీ గట్టిగా నమ్ముతున్నాను.

మార్చి 11 సాయంత్రం స్ట్రిప్స్ అమ్మిన సంస్థ నుంచి ఈమెయిల్ వచ్చింది. దాని శీర్షిక చూస్తే కొత్త సరుకు గురించిన ప్రకటనలా ఉంది, అందుకే మా అమ్మాయి తెరవకపోతే అది అలాగే ఉండిపోయేది. లోపల రెండు పేజీల పత్రం. మొదటి పేజీ అంతా నాణ్యత పట్ల వారికున్న నిబద్ధత గురించే. రెండో పేజీ నడుమ, పట్టికకు పైన, అసలు వాక్యం ఉంది: కింద పేర్కొన్న లాట్‌ల స్ట్రిప్స్ ఐఎన్‌ఆర్‌ను వాస్తవం కంటే ఎక్కువగా చూపే అవకాశం ఉంది, వాటిని వాడటం వెంటనే ఆపి మీ వైద్యుణ్ని సంప్రదించండి. ఆ వాక్యాన్ని చదివిన కొద్ది క్షణాలకు గానీ దాని అర్థం నాకు పూర్తిగా తలకెక్కలేదు. ఎక్కువగా చూపుతున్నాయంటే అసలు అంకె తక్కువగా ఉన్నట్టు. తక్కువగా ఉన్న అంకెను చూసి కాదు, లేని ఎక్కువను చూసి నా మందును రెండుసార్లు తగ్గించారు. అంటే ఇన్ని వారాలుగా నా కవాటానికి రక్షణ ఎంత ఉందో ఎవరికీ తెలియదు. కాళ్లూ చేతులూ చల్లబడ్డాయి.

ఇక లాట్ నంబరు వెతకడం. పట్టికలో పది అంకెలకు పైగా ఉన్న సంఖ్యలు వరుసగా ఉన్నాయి. అది స్ట్రిప్స్ డబ్బా మీద ఉంటుంది, అట్టపెట్టె మీద కూడా ఉంటుంది. అట్టపెట్టె ఎప్పుడో పారేశాం. డబ్బా మీద రోజూ చేతులు తగిలి చివరి రెండు అంకెలు చెరిగిపోయాయి. పెట్టెతో పాటు వచ్చే చిన్న కోడ్ చిప్ ఒకటి మీటరు పక్కన గుచ్చి ఉంటుంది, దాని మీది మూడంకెల కోడ్‌ను పట్టికలో ఆఖరి వరుసలో ఇచ్చారు. చివరికి దాని ఆధారంగానే మా పెట్టె రీకాల్‌లో ఉందని తేలింది. మీటరు జ్ఞాపకంలో ప్రతి ఫలితం తేదీతో, సమయంతో సహా ఉంది గానీ ఏ లాట్ స్ట్రిప్‌తో కొలిచిందో లేదు. జనవరిలో వాడిన ఖాళీ డబ్బా ఇంట్లో లేదు కాబట్టి ఆ నెల అంకెలను నమ్మవచ్చో లేదో ఆ రాత్రి చెప్పగలిగేవారు లేరు.

నోటీసులో ఇచ్చిన సహాయ కేంద్రానికి అప్పుడే ఫోన్ చేశాం. చాలాసేపు సంగీతం విన్న తర్వాత ఒకావిడ మర్యాదగానే మాట్లాడారు. మీటరు సీరియల్ నంబరు, లాట్, గడువు తేదీ, స్ట్రిప్స్ ఎక్కడ నిల్వ ఉంచాం, రక్తహీనత ఉందా, చివరి ఫలితం ఎంత అని వరుసగా అడిగి రాసుకున్నారు. తర్వాత "ఈ ఫలితాల వల్ల మీకు ఏమైనా హాని జరిగిందా అండీ?" అని అడిగారు. నాకు జవాబు తెలియదని చెప్పాను. "తెలియదు అనే గడి ఫారంలో లేదండీ, లేదు అని రాయమంటారా?" అన్నారు. వద్దని, అసలు ఐఎన్‌ఆర్ ఎంతో ఇంకా తెలియదని వివరంగా రాయమని పట్టుబట్టాను. ఆవిడ రాశారు, చదివి వినిపించారు కూడా. ఆ ఒక్క విషయంలో నేను పట్టు విడవకపోవడం తర్వాత చాలా ఉపయోగపడింది. మీ ఫోన్ కాల్‌కు ఒక నమోదు సంఖ్య ఇస్తారు, దాన్ని తేదీతో సహా రాసుకోండి, ఆ తర్వాత ప్రతి ఫోన్‌లోనూ మొట్టమొదట అడిగేది అదే.

మార్చి 12 ఉదయం ల్యాబ్ తెరిచేసరికి అక్కడున్నాను. మీటరునూ అవే స్ట్రిప్స్‌నూ వెంట తీసుకెళ్లమని క్లినిక్ నర్సు చెప్పడం చాలా మంచి సలహా. ఐఎన్‌ఆర్‌కు నీలం మూత గొట్టంలో రక్తం తీస్తారు. అందులో ముందే కొలిచి పోసిన సిట్రేట్ ద్రవం ఉంటుంది, తొమ్మిది పాళ్ల రక్తానికి ఒక పాలు చొప్పున. అందుకే గొట్టం మీది గీత దాకా రక్తం నిండకపోతే సిట్రేట్ పాలు ఎక్కువై ఫలితం తప్పుతుంది. నా మొదటి గొట్టం సరిగ్గా అలాగే అయింది. "అమ్మా, గీత దాకా రాలేదు, దీన్ని వాళ్లు తిప్పి పంపేస్తారు, ఇంకో చేతికి తీద్దాం" అని ఆ అబ్బాయి నిజాయితీగా చెప్పాడు. రెండోసారి గొట్టం నిండింది. అదే కుర్చీలో కూర్చుని, వెంటనే, వేలికి పొడుచుకుని నా మీటరులో కూడా చూశాను. 3.8 వచ్చింది. తెర మీద ఎప్పటిలాగే క్వాలిటీ కంట్రోల్ సరిగా ఉందని సూచించే టిక్ గుర్తు కూడా వచ్చింది.

ల్యాబ్ ఫలితం మధ్యాహ్నానికి వచ్చింది. 1.9. మీటరు చూపినదానిలో సరిగ్గా సగం.

ఆ టిక్ గుర్తు గురించి ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే నా నమ్మకమంతా దాని మీదే నిలబడి ఉండేది. స్ట్రిప్ నిజానికి కొలిచేది రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని. ఆ సమయాన్ని ఐఎన్‌ఆర్‌గా మార్చడానికి ఒక్కో లాట్‌కు ఒక్కో కాలిబ్రేషన్ విలువ ఉంటుంది, అది కోడ్ చిప్‌లో ఉంటుంది. నోటీసు ప్రకారం ఈ లాట్‌లలో తేడా వచ్చింది ఆ విలువలోనే. టిక్ గుర్తు మాత్రం స్ట్రిప్ వేడికో తేమకో పాడైందా లేదా అన్నదే చూస్తుంది. స్ట్రిప్ చెడిపోలేదు కాబట్టి టిక్ వస్తూనే ఉంది, లెక్కే తప్పు కాబట్టి అంకె తప్పుతూనే ఉంది. ఒక ల్యాబ్ ఫలితం మరో ల్యాబ్ ఫలితంతో పోల్చేలా ఉండాలన్న ఉద్దేశంతోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ 1983లో ఐఎన్‌ఆర్ పద్ధతిని తెచ్చింది, ఆ పోలిక అంతా ఇలాంటి కాలిబ్రేషన్ విలువల మీదే ఆధారపడి ఉంటుంది. 2018లో అమెరికాలో వెనక్కి తీసుకున్న ఐఎన్‌ఆర్ స్ట్రిప్స్ విషయంలోనూ మూలం ఇదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో తెచ్చిన కొత్త ప్రమాణానికి అనుగుణంగా కాలిబ్రేషన్ మార్చాక ఎక్కువ విలువల దగ్గర ఫలితాలు అసలు కంటే పైకి చూపాయి. పదకొండు లక్షలకు పైగా ప్యాకేజీలను వెనక్కి తీసుకున్నారు, అక్కడి ఔషధ, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దాన్ని అత్యంత తీవ్రమైన క్లాస్ 1 రీకాల్‌గా వర్గీకరించింది. ఇదంతా ల్యాబ్ ఫలితం వచ్చాక, డాక్టరు గారు చెప్పగా తెలుసుకున్నాను. ముందే తెలిసి ఉంటే ఆ టిక్‌కు అంత విలువ ఇచ్చేదాన్ని కాదు.

1.9 అని తెలిసిన గంటలోపే డాక్టరు గారు స్వయంగా ఫోన్ చేశారు. వార్ఫరిన్‌ను పాత మోతాదుకు పెంచినా దాని ప్రభావం రక్తంలో కనిపించడానికి రోజులు పడుతుంది, అంతవరకు ఖాళీగా వదలలేం, కాబట్టి ఆ సాయంత్రం నుంచే పూటకొకటి చొప్పున రోజుకు రెండు ఎనాక్సపారిన్ ఇంజెక్షన్లు (త్వరగా పనిచేసి రక్తం గడ్డకట్టకుండా చూసే మందు) మొదలుపెట్టాలన్నారు. మాట తడబడుతోందా, ముఖం ఒక పక్కకు లాగుతోందా, ఒక చేయి బలహీనంగా ఉందా, ఊపిరి ఆడటం లేదా అని ఒక్కొక్కటే అడిగారు. తర్వాత ఒక ప్రశ్న అడిగారు: కవాటం చప్పుడు మునుపటిలాగే వినిపిస్తోందా?

మెకానికల్ వాల్వ్ ఉన్నవారికి ఈ ప్రశ్న అర్థమవుతుంది. రెక్కలు మూసుకున్నప్పుడల్లా సన్నగా టిక్కుమంటుంది, గది నిశ్శబ్దంగా ఉంటే పక్కనున్నవారికి కూడా వినిపిస్తుంది. మొదట్లో దానివల్ల నిద్ర పట్టేది కాదు, తర్వాత అలవాటైపోయి వినడమే మానేశాను. రెక్కల మీద గడ్డ చేరితే ఆ చప్పుడు మొద్దుబారుతుంది లేదా ఆగిపోతుంది. ఆ రాత్రంతా నేను చేసిన పని అదే, వినడం. ఎడమవైపు తిరిగి, కుడివైపు తిరిగి, ఫ్యాను ఆపించి విన్నాను. ఒకసారి స్పష్టంగా ఉన్నట్టు అనిపించేది, ఇంకోసారి ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టు ఉండేది. మా అమ్మాయి నా ఛాతీ మీద చెవి పెట్టి, "బాగానే వినిపిస్తోందమ్మా" అని ఎన్నోసార్లు చెప్పింది. ఒక యంత్రం చెప్పిన తప్పు అంకె మనిషిని ఎంత భయానికి గురిచేస్తుందో ఆ నోటీసు రాసినవారికి తెలియాలని ఆ రాత్రి చాలా కోరుకున్నాను.

మరునాడు ఎకో, అంటే గుండె స్కాన్, తీశారు. మైట్రల్ స్థానంలో ఉన్న మెకానికల్ వాల్వ్ వెనుక భాగం ఛాతీ మీద నుంచి తీసే మామూలు ఎకోలో సరిగా కనిపించదని, కవాటం నీడ పడుతుందని, అందుకని కవాటం గుండా రక్తం వెళ్లేటప్పుడు ఉండే ఒత్తిడి తేడాను పాత లెక్కతో పోల్చి చూస్తారని అక్కడ తెలిసింది. పోల్చడానికి ఆపరేషన్ తర్వాత తీసిన మొదటి ఎకో రిపోర్టు కావాలి. అది ఇంట్లో ఫైలులో ఉండటం వల్ల పని ఆగలేదు. పోలికలో మార్పు కనిపించలేదు, రెక్కలు రెండూ పూర్తిగా తెరుచుకుంటున్నాయన్నారు. తేడా ఉండి ఉంటే గొంతులోంచి గొట్టం దింపి చేసే ఎకో చేయాల్సి వచ్చేది. ఆ మాట విన్నాక, ముందురోజు సాయంత్రం నుంచి బిగబట్టిన ఊపిరి వదిలాను. ఈ రిపోర్టు ఉన్నవారు దయచేసి దాన్ని చేతికి అందేచోట ఉంచుకోండి.

ఇంజెక్షన్ల గురించి ఎవరూ ముందు చెప్పని సంగతులు కొన్ని ఉన్నాయి. ముందే నింపిన సిరంజిలో గాలి బుడగ కనిపిస్తుంది, దాన్ని బయటికి నెట్టకూడదు, ఆ బుడగ మందును పూర్తిగా లోపలికి పంపడానికే ఉంది. బొడ్డుకు కాస్త దూరంగా పొట్ట మీది చర్మాన్ని రెండు వేళ్లతో మడిచి పట్టుకుని, సూది నిట్టనిలువుగా దించి, తీసేదాకా ఆ మడత వదలకూడదు. తర్వాత రుద్దకూడదు. నేను రుద్దలేదు, అయినా పొట్ట రెండు వైపులా నేరేడు పండు రంగులో కమిలింది. మొదటి రెండు రోజులూ మా అమ్మాయి చేతులు వణికాయి, తర్వాత ఆమెకు చేయి తిరిగింది. ల్యాబ్‌లో రోజు విడిచి రోజు రక్తం ఇచ్చాను, వరుసగా రెండుసార్లు 2.5 పైన వస్తేనే ఇంజెక్షన్లు ఆపుతామన్నారు. 2.0, 2.3, మళ్లీ 2.3. కదలని అంకెను చూసి కళ్లనీళ్లు తిరిగాయి. మార్చి 24 నాటికి గానీ 2.7 రెండోసారి కనిపించలేదు.

పరీక్షలతో పనిలేని కొత్త మందులు ఉన్నాయి కదా, వాటికి మారిపోదామా అని మా అమ్మాయి డాక్టరు గారిని అడిగింది. నాకూ అదే ఆశ. మెకానికల్ వాల్వ్ ఉన్నవారికి ఆ దారి లేదని ఆయన ఓపికగా చెప్పారు. ఆ కొత్త మందుల్లో డాబిగాట్రాన్‌తో చేసిన అధ్యయనాన్ని 2012లో, అపిక్సబాన్‌తో చేసినదాన్ని 2022లో మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది, వార్ఫరిన్ వాడినవారి కంటే ఈ మందులు వాడినవారిలో గడ్డల సమస్య ఎక్కువగా కనిపించింది. అంటే నాకు వార్ఫరిన్ తప్పదు, ఐఎన్‌ఆర్ తప్పదు. అందుకే ఆ అంకె నిజం కావడం నాకు సౌకర్యానికి సంబంధించిన విషయం కాదు.

ఖర్చుల విషయానికొస్తే, తయారీ సంస్థ బదులుగా ఇచ్చింది స్ట్రిప్స్‌ను మాత్రమే. ల్యాబ్ పరీక్షలు, ఇంజెక్షన్లు, ఎకో, అన్నీ మేమే పెట్టుకున్నాం. వాటన్నిటి కంటే తక్కువ విలువైనది ఆ స్ట్రిప్స్ పెట్టె. నష్టపరిహారం గురించి అడిగితే రసీదులు పంపితే పరిశీలిస్తామన్నారు, పంపాను. పది పని దినాల్లో వస్తాయన్న కొత్త స్ట్రిప్స్ ఏప్రిల్ 6న వచ్చాయి. పాతవాటిని తిప్పి పంపేందుకు కవరు ఇచ్చారు, కానీ అందులో విప్పని డబ్బాలే పెట్టాలి, విప్పినవాటిని ఫొటో తీసి పంపి ధ్వంసం చేయాలి. నేను ధ్వంసం చేసే ముందు లాట్ నంబరున్న డబ్బానూ కోడ్ చిప్‌నూ వేరుగా తీసి దాచాను. తప్పును నిరూపించే వస్తువును మన చేతులతో మనమే పారేయడం నాకు సరైన పనిగా తోచలేదు.

కొత్త పెట్టెను వెంటనే నమ్మలేకపోయాను. డాక్టరు గారి సలహా మేరకు ఏప్రిల్ నెలంతా ల్యాబ్‌కు వెళ్లిన ప్రతిసారీ పక్కనే మీటరులో కూడా చూశాను. ల్యాబ్ 2.8 అన్నప్పుడు మీటరు 3.0, ల్యాబ్ 3.1 అన్నప్పుడు మీటరు 3.3. అర పాయింటు లోపు తేడా ఉంటే మామూలేనని, ఆ తేడా ఎప్పుడూ ఒకేవైపు ఉండటం మంచిదేనని చెప్పారు. వేలిని పిండకుండా, పొడుచుకున్న పదిహేను సెకన్లలోపే మొదటి చుక్కను అందించడం నేను ముందు నుంచీ పాటిస్తున్నదే, అందులో మార్పేమీ చేయలేదు.

అన్నిటికంటే ఎక్కువ శ్రమ పడింది మాత్రం ఎవరూ ఊహించని చోట. క్లినిక్ రికార్డులో ఫిబ్రవరి 8 నుంచి మార్చి 8 దాకా నా ఐఎన్‌ఆర్ నాలుగు, నాలుగున్నర అని నమోదై ఉంది. ఎప్పుడో నేను స్పృహలో లేని స్థితిలో వేరే ఆసుపత్రికి వెళితే, అక్కడి వైద్యులు ఆ అంకెలు చూసి ఈవిడకు వార్ఫరిన్ తక్కువ మోతాదుకే ఎక్కువగా పనిచేస్తుందని అనుకోవచ్చు. ఆ ఫలితాలను తీసేయమని అడిగితే రికార్డులో ఉన్నదాన్ని తొలగించడం కుదరదన్నారు, అది న్యాయమే. ప్రతి ఫలితం పక్కన "రీకాల్ అయిన లాట్‌తో కొలిచినది, నమ్మదగినది కాదు" అని వ్యాఖ్య చేర్చమన్నాను. రిసెప్షన్ నుంచి నర్సుకు, నర్సు నుంచి రికార్డుల విభాగానికి, అక్కడి నుంచి మళ్లీ డాక్టరు గారికి తిరిగి, ఏప్రిల్ 29న ఆ వ్యాఖ్య చేరింది. ముద్రించిన కాపీ తీసుకునే వచ్చాను. రీకాల్ అంటే స్ట్రిప్స్‌ను వెనక్కి తీసుకోవడమే. వాటిని నమ్మి తీసుకున్న నిర్ణయాలను వెనక్కి తీసుకునే బాధ్యత ఎవరికీ అప్పగించి లేదు, అది రోగి మీదే పడుతుంది. ఈ పద్ధతి మారాలి. నోటీసు పంపేటప్పుడే వైద్యులకు కూడా ఆ లాట్‌తో వచ్చిన పాత ఫలితాలను సరిదిద్దమని చెప్పాలి.

జనవరిలో వాడిన పెట్టె సంగతి కూడా తేలింది. అమ్మిన సంస్థ తమ బిల్లుల్లో వెతికి దాని లాట్ నంబరు మే 4న పంపింది, అది పట్టికలో లేదు. ఇప్పుడు నా పుస్తకంలో ప్రతి ఫలితం పక్కన లాట్ నంబరు రాస్తున్నాను, కొత్త పెట్టె తెరిచిన రోజున ల్యాబ్‌లో కూడా ఒకసారి చూపించుకోవాలని డాక్టరు గారితో అనుకున్నాం.

వైద్య పరికరాలను పర్యవేక్షించే ప్రభుత్వ విభాగానికి విడిగా రాసిన ఫిర్యాదుకు మే 9న జవాబు వచ్చింది. మార్చి 12 నాటి రెండు ఫలితాల మధ్య ఎంత సమయం ఉందో తెలియజేయమన్నారు. ల్యాబ్ రిపోర్టు పైభాగంలో ఉండేది నమూనా ల్యాబ్‌కు చేరిన సమయం, రక్తం తీసిన సమయం వేరు. ఆ అబ్బాయి గొట్టం మీద అతికించిన చీటీలో రాసిన సమయాన్ని ల్యాబ్ వారు నమోదు చేసి ఉంచారు, అడిగితే ఇచ్చారు. మీటరులో నమోదైన సమయానికీ దానికీ రెండు నిమిషాల తేడా. రెండు కాగితాలనూ జతచేసి పంపాను.